యాక్సిడెంట్‌లో మనిషి చనిపోతే డ్రైవర్‌పై ఏ కేసు పడుతుంది?

కారు గుద్దాక పారిపోవడమంత చెడ్డ నిర్ణయం ఇంకోటి లేదు. మోటారు వాహనాల చట్టం 132, 134 సెక్షన్ల ప్రకారం బండి ఆపి, దెబ్బతిన్నవారికి వైద్యం అందేలా చూడాలి. జనం మీదపడి కొడతారన్న భయం నిజమే, దానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. అప్పుడు కూడా దగ్గర్లోని స్టేషన్‌లో 24 గంటల్లోపు చెప్పి తీరాలి.

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ 304ఏ (నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం) బదులు భారతీయ న్యాయ సంహిత 106(1) పెడుతున్నారు. గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది, జరిమానా అదనం. ఇది బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా దొరుకుతుంది. తాగి నడిపితే మాత్రం పోలీసులు అదే సంహితలోని 105 (హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య) పెట్టొచ్చు, అది నాన్‌బెయిలబుల్.

చనిపోయినవారి కుటుంబంతో రాజీ పడితే కేసు పోతుందని పెద్దమనుషులు చెబుతుంటారు. నమ్మకండి. 106 రాజీకి వీలున్న నేరం కాదు. తెల్లకాగితం మీద సంతకాలతో మూతపడదు.

పరిహారం కేసు వేరుగా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నడుస్తుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది. డ్రైవర్‌కు లైసెన్స్ లేదని తేలితే, ముందు కంపెనీతో కట్టించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు తరచూ చెబుతాయి. పాలసీ అసలే లేకపోతే యజమాని ఇల్లూ పొలమూ జప్తు దాకా వెళ్తాయి.

మైనర్‌కు తాళాలిచ్చిన తండ్రికైతే మోటారు వాహనాల చట్టం 199ఏ కింద 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.