డబ్బు కట్టి లోపలికి వెళ్లే దుకాణం

అమెరికాలో ఏమేమి చూశారని అడిగిన వాళ్లకు రేనియర్ పర్వతం, స్నోక్వాల్మీ జలపాతం అని చెబుతాను. అది సగం నిజమే. మూడు నెలల్లో ఆ రెండు చోట్లకూ ఒక్కొక్కసారి వెళ్లాం. కాస్ట్‌కో అనే పెద్ద టోకు దుకాణానికి మాత్రం పదకొండు సార్లు వెళ్లాం. లెక్క రాసుకున్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు సహకార వినియోగదారుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడ్డవాడికి లెక్క రాయడం ఉద్యోగంతో పాటు పోయే జబ్బు కాదు.

మా అమ్మాయి వాళ్లది సియాటిల్‌కు తూర్పున ఉన్న ఇసాక్వా. కాస్ట్‌కో ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. దిగిన మూడో రోజు, ఇంకా పగలేదో రాత్రేదో ఒంటికి తెలియక ముందే, అల్లుడు కారు తీశాడు.

"మామయ్యగారూ, ఇక్కడికి ఎవరు పడితే వాళ్లు వెళ్లడానికి లేదు. ఏడాదికి అరవై అయిదు డాలర్లు కట్టి సభ్యులు కావాలి. ఒక సభ్యుడు ఇద్దరు అతిథులను తీసుకువెళ్లవచ్చు. సరిగ్గా మీరిద్దరూ" అన్నాడు.

"బేరం చేయడానికి లోపలికి వెళ్లాలన్నా డబ్బే?" అంది మా ఆవిడ. బేరం కూడా ఉండదని అప్పటికి ఆమెకు తెలియదు.

నాకు మాత్రం ఆ పద్ధతి కొత్తగా అనిపించలేదు. మా దుకాణంలోనూ పది రూపాయల వాటా ధనం కట్టినవాళ్లే సభ్యులు. కొత్త ఏమిటంటే, ఇక్కడ గుమ్మం దగ్గర కార్డును యంత్రానికి చూపించనిదే అడుగు పడదు. మా దగ్గర సభ్యుడికీ దారిన పోయేవాడికీ ఒకటే మర్యాద, అంటే ఏ మర్యాదా లేదు.

లోపల రైలు గూడ్సు షెడ్డు గుర్తుకొచ్చింది. కాంక్రీటు నేల, ఇనుప చట్రాల మీద పైకప్పు దాకా పేర్చిన సరుకు, కొన్ని చోట్ల పెట్టెల మూత కోసి అలాగే వదిలేశారు. ఏ వరసలో ఏముందో చెప్పే బోర్డులు లేవు. వెతుక్కుంటూ తిరిగితే నాలుగు వస్తువులు ఎక్కువ కొంటారని అలా చేస్తారట. ఈ తెలివి మా మేనేజరుకు లేకపోయింది, ఆయన బోర్డుల కోసం పెయింటరుకు డబ్బు తగలేశాడు. మామూలు సూపర్ మార్కెట్లో ముప్పై వేల రకాలుంటే ఇక్కడ ఉండేవి సుమారు నాలుగు వేలే. కానీ ఏది కొన్నా ఊరికి సరిపడా కొనాలి. మిరియాల సీసా చూసి మా ఆవిడ, "ఇది పెళ్లికా?" అంది. శవపేటికలు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతారని అల్లుడు నోరు జారాడు. "నెయ్యి కొంటుంటే ఆ మాటలేమిటి" అని ఆమె ఆ పూట అతనితో మళ్లీ మాట్లాడలేదు.

కిర్క్‌లాండ్ అనే పేరు మాత్రం నెయ్యి దగ్గర నుంచి బాదంపప్పు దాకా వెంటాడింది. కిర్క్‌లాండ్ ఇసాక్వాకు దగ్గరలోనే ఉన్న ఊరు. ఒకప్పుడు ప్రధాన కార్యాలయం అక్కడ ఉండగా, 1995లో సొంత సరుకుకు ఆ పేరు పెట్టుకున్నారు. తరువాత కార్యాలయం ఊరు మారింది, పేరు మారలేదు. మన ఇంటిపేర్లూ ఇంతే కదా. ఊరు వదిలి నాలుగు తరాలైనా ఇంటిపేరులో ఊరు ఉండిపోతుంది.

రుచి చూడమని చిన్న కాగితపు గిన్నెల్లో పెట్టి ఇచ్చే చోట మా ఆవిడ ఆగింది. వేడి వేడి మోమో లాంటిది ఏదో. నెత్తికి వల కట్టుకున్న పెద్దావిడ, మా ఇద్దరి వయసే ఉంటుంది, నవ్వుతూ అందించింది. మా ఆవిడ చేయి చాపకుండా, "ఇందులో మాంసం ఉందా?" అని తెలుగులోనే అడిగేసింది. అర్థం కాకపోయినా ఆ మొహంలోని అనుమానం ఆమెకు అర్థమైనట్లుంది. ఖాళీ పెట్టె తీసి, కళ్లజోడు నుదుటి మీద నుంచి దించుకుని, దినుసుల పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చదివింది. వెనక ఏడెనిమిది బళ్లు ఆగాయి. చివర్లో ఎక్కడో 'చికెన్' అని వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపి, గిన్నె వెనక్కి తీసుకుని, తానే నొచ్చుకుంది. ఆ తరువాత మా రాకల్లో ఎప్పుడు కనిపించినా, మా ఆవిడకు పనికొచ్చేదైతే రమ్మని చేయి ఊపేది, కాకపోతే దూరం నుంచే తల అడ్డంగా ఊపేది. ఇద్దరికీ ఒక భాష కుదిరిపోయింది.

ఇక పరుపు కథ.

మా కోసం అమ్మాయి ముందే మూడు మడతల ఫోం పరుపు కొని ఉంచింది. పరుపులో లోపం లేదు. లోపం నా నడుములో ఉంది. దూది పరుపు మీద, వేసవిలో గచ్చు మీద పడుకున్న నడుము ఆ మెత్తదనానికి ఒప్పుకోలేదు. పన్నెండు రాత్రులు ఓర్చుకున్నాను. పదమూడో రోజు అల్లుడు దాన్ని కారెక్కించాడు.

"పన్నెండు రోజులు పడుకున్న పరుపు ఎవడు తీసుకుంటాడు?" అన్నాను.

"తీసుకుంటారు మామయ్యగారూ."

దారంతా వాదన సిద్ధం చేసుకున్నాను. బిల్లు ఏదీ అంటే ఏమి చెప్పాలి, అట్టపెట్టె పారేశామంటే ఊరుకుంటారా, నడుము నొప్పికి డాక్టరు చీటీ అడిగితే ఎలా. నిజానికి ఆ ప్రశ్నలన్నీ నావే. కౌంటరుకు అటు వైపు నుంచి నేను ముప్పై ఒక్క ఏళ్లు అడిగినవే.

వరసలో మా ముందు ఒకతను సగం వాడిన ఏదో డబ్బాతో నిలబడ్డాడు. ఇంకొకామె చేతిలో విప్పని దుప్పట్లు. మా వంతు వచ్చింది. కౌంటరులో ఉన్నామె గుండీ పక్కన పేరు, దాని కింద ఉద్యోగంలో చేరిన సంవత్సరం, 1998. సభ్యత్వం కార్డు అడిగింది. బిల్లు అడగలేదు. ఎప్పుడు ఎక్కడ ఎంతకు కొన్నామో ఆ నంబరు కిందే కంప్యూటర్‌లో ఉంది. ఎందుకు ఇచ్చేస్తున్నారని అడిగితే అల్లుడు నా వైపు చూపించి, "ఈయన నడుముకు పడలేదు" అన్నాడు. ఆమె నా నడుము వైపు జాలిగా చూసి, గట్టి పరుపులు ఏ వరసలో ఉన్నాయో చెప్పింది. డబ్బు కార్డులోకి వెళ్లిపోయింది. రెండు నిమిషాలు పట్టలేదు. నా వాదన అంతా నోట్లోనే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

ఆ రాత్రి గట్టి పరుపు మీద నడుము సర్దుకుంది గానీ నిద్ర రాలేదు. 1991లో మా దుకాణానికి వచ్చిన మాస్టారు గుర్తుకొచ్చారు. ఆయన ముందు రోజు వత్తుల కిరోసిన్ స్టవ్వు కొన్నారు. ఇంటికి వెళ్లి నూనె పోస్తే అడుగు నుంచి కారింది. మర్నాడు పొద్దున్నే తువ్వాలులో చుట్టి, బస్సులో తెచ్చారు. బిల్లు కూడా పట్టుకొచ్చారు. ఆ బిల్లు అడుగున నేనే వేసిన రబ్బరు ముద్ర ఉంది: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' వేలు పెట్టి చూపించాను.

"నేను ఇందులో సభ్యుణ్ణి కదా బాబూ" అన్నారాయన.

"సభ్యత్వం వేరు, సరుకు వేరు మాస్టారూ" అన్నాను.

ఆ మాట అన్నందుకు మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు కూడా. మాస్టారు స్టవ్వును మళ్లీ అదే తువ్వాలులో చుట్టుకుని వెళ్లారు. ఆయన చొక్కా చేతి మీద కిరోసిన్ మరక ఇప్పటికీ కనిపిస్తుంది.

నా తరఫున నేను చెప్పుకోవలసింది ఒకటి ఉంది. ఆ స్టవ్వు వెనక్కి తీసుకుంటే స్టాకు రిజిస్టరులో దాన్ని ఎక్కడ రాయాలో గడి లేదు. ఆడిట్ నాడు అది పాడైన సరుకుగా తేలి, దాని ఖరీదు నా జీతంలో నుంచి పోతుంది. అంతకు ముందే పంచదార బస్తాల తరుగు కింద నా జీతంలో కోశారు. ఎలుకలు తిన్నదానికి నేను కట్టాను. 1998 బిళ్ల పెట్టుకున్న ఆమెకు నా నడుము మీద జాలి పడే వెసులుబాటు ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఆ పరుపు ఖరీదు ఆమె జీతంలో కోయరు కాబట్టి. నవ్వడం నేర్పే శిక్షణ తరగతులు మాకూ రెండుసార్లు పెట్టారు. కోతలు మాత్రం ఆపలేదు.

అల్లుడికి ఈ కథ చెబితే అతను ఇంకో కథ చెప్పాడు. సోల్ ప్రైస్ అనే లాయరు 1954లో శాన్ డియాగోలో ఫెడ్‌మార్ట్ అనే దుకాణం పెట్టాడు. అది ప్రభుత్వ ఉద్యోగుల కోసం పెట్టిన సభ్యత్వ దుకాణం. అంటే మా దుకాణానికి దూరపు చుట్టమే. అక్కడ మొదటి రోజుల్లో కూలికి పరుపులు దించడానికి వచ్చిన కాలేజీ కుర్రవాడు జిమ్ సినెగల్. ప్రైస్ 1976లో ఒక పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ తెరిచాడు. పరుపులు దించిన కుర్రవాడు జెఫ్రీ బ్రాట్‌మన్‌తో కలిసి 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో మొదలుపెట్టాడు. పదేళ్లకు రెండు సంస్థలూ వియ్యమందాయి. సరుకు మీద 14 శాతం, సొంత సరుకు మీద 15 శాతం మించి లాభం వేయకూడదని వాళ్లకు కట్టుబాటు. లాభంలో పెద్ద భాగం సభ్యత్వ రుసుములదే. నచ్చకపోతే ఆ రుసుము కూడా మొత్తం తిరిగి ఇచ్చేస్తారు. మా దగ్గర పది రూపాయల వాటా వెనక్కి కావాలంటే పాలకవర్గం తీర్మానం చేయాలి. పాలకవర్గం సమావేశం కావాలంటే కోరం ఉండాలి. పోయినవాళ్ల వాటాలు ఇప్పటికీ పుస్తకాల్లోనే ఉన్నాయి.

కథ విన్నాక మొదటి దుకాణం చూడాలన్నాను. తిరుపతి వెళ్లినవాడు కాళహస్తి అడిగినట్లు అడిగాను, అల్లుడు కాదనలేకపోయాడు. జూన్‌లో ఒక ఆదివారం ఐ-90 అనే రహదారి మీద పడమరకు బయలుదేరాం. వాషింగ్టన్ సరస్సు మీద వంతెన నీళ్లలో తేలుతుంది. కింద స్తంభాలు ఉండవు, బోలు కాంక్రీటు పెట్టెల మీద రోడ్డు వేశారు. 1940లో కట్టిన పాత వంతెన 1990లో మరమ్మతులు జరుగుతుండగా తుఫానుకు మునిగిపోయిందని అల్లుడు సరిగ్గా నడి వంతెన మీద చెప్పాడు. మా ఆవిడ కళ్లు మూసుకుంది. ఎడమ వైపు రేనియర్ పర్వతం మబ్బు లేకుండా నిలబడి ఉంది. ఆమె అదీ చూడలేదు.

ఫోర్త్ అవెన్యూ సౌత్ గోదాములు, లారీలు తిరిగే వీధి. అక్కడ చూడడానికేమీ లేదు. దుకాణం ఇసాక్వాలో దానిలాగే ఉంది. నాలాగా ఫొటోలు తీసుకునేవాళ్లు ఇంకెవరూ కనబడలేదు. లోపల నా కళ్లజోడు కాడ మర ఊడి పడిపోతే, కళ్లజోళ్ల విభాగంలో కుర్రవాడు ఎక్కడ కొన్నారని అడగకుండా కొత్త మర బిగించాడు. చెవుల వెనక పెట్టి రెండుసార్లు సరిచూసి, డబ్బు వద్దన్నాడు. గుంటూరులో కొన్న జోడు అది. తినుబండారాల దగ్గర హాట్‌డాగ్, పానీయం కలిపి డాలరున్నర; 1980ల నుంచి అదే ధరట. మేము పిజ్జా ముక్కలు తిన్నాం.

బయటికి వచ్చే గుమ్మం దగ్గర నాకు మొదటి నుంచీ పడలేదు. డబ్బు కట్టిన తరువాత కూడా బిల్లు చూసి, బండిలో సరుకు లెక్కపెట్టి, గీత గీసి పంపుతారు. సభ్యుణ్ణి అని పిలిచి దొంగలా చూడడం ఏమిటని ఇసాక్వాలోనే అల్లుడితో వాదించాను. ఎక్కువ వేసేశారేమో చూడడానికి కూడా అని అతను సమర్థించాడు. ఈ గుమ్మం దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. బిల్లు తిప్పి, వెనక లావుపాటి పెన్నుతో నవ్వే మొహం గీసి మా మనవరాలికి ఇచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని గంతులు వేసింది. అప్పటికి నా వాదన పోలేదు గానీ పస తగ్గింది.

తిరుగు ప్రయాణం దగ్గర పడ్డాక అమ్మాయి స్నేహితుల ఇంట్లో భోజనాలు. మాటల్లో మా పరుపు కథ వచ్చింది. వడ్డిస్తున్న ఒకాయన, "మీరు వెళ్లాక రెండోదీ ఇచ్చేస్తే సరి, అందరూ చేసేదే. మా అమ్మా నాన్నా వచ్చినప్పుడల్లా అలాగే" అన్నాడు. చుట్టూ నవ్వారు. నాకు గొంతులో ముద్ద దిగలేదు. కోపం రావడానికి నాకేమి అర్హత ఉందో ఆలోచించుకుని ఊరుకున్నాను. ఇవ్వవలసినవాడికి ఇవ్వనివాణ్ణి నేను, అడగకూడనిది అడిగేవాడు ఆయన. ఇద్దరం ఒకే బల్ల దగ్గర గోంగూర పచ్చడి కలుపుకుంటున్నాం.

విమానం ఎక్కే ముందు రోజు మా ఆవిడ పరుపును మూడు మడతలూ వేసి, పాత చీర చెంగుతో కట్టింది. "ఏమి చేద్దాం?" అంది. అల్లుడు ఏమీ మాట్లాడలేదు, అమ్మాయి నా మొహం వైపు చూసింది. నేను మనవరాలి బొమ్మల పెట్టెలో లావుపాటి పెన్ను వెతికి, అట్టముక్క మీద 'గట్టిది, నడుముకు మంచిది' అని రాసి చెంగు ముడిలో దోపాను. డిసెంబరులో వియ్యంకుడుగారు వస్తున్నారు. ఆయన నడుము ఎలాంటిదో మరి.