రెండు రూపాయల బియ్యం

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో కిరాణా షాపు క్యూలో మా ముందు ఒకావిడ, చంకలో చంటిబిడ్డ. పాలు, గుడ్లు, బ్రెడ్డు ఒక వైపు పెట్టింది, డైపర్లు ఇంకో వైపు. ఫుడ్ స్టాంపులంటే తిండి సరుకుల కోసం పేదవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయం. ఆ కార్డు మీద డైపర్లు ఇవ్వరు. తిండి సరుకులకు కార్డు గీకి, డైపర్లకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

కారెక్కగానే మా పన్నెండేళ్ళవాడు, "మన ట్యాక్స్ డబ్బులతోనే కదమ్మా ఆవిడ కొనుక్కుంది?" అన్నాడు. నాకు గుండెలో కలుక్కుమంది. అది వాడి సొంత మాట కాదు. వీకెండ్ భోజనాల దగ్గర మేం పెద్దవాళ్ళం అనుకుంటుంటే విన్న మాట.

ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టుకుని చెప్పాను. ఈ దేశం కూడా మొదట్లో ఇలా మాట్లాడలేదు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టంలోనే తండ్రి అండ లేని పిల్లలకు సాయం కూడా పెట్టారు. అప్పట్లో ఆ సాయం అనగానే జనానికి గుర్తొచ్చేది భర్త పోయిన తెల్ల తల్లి. ఆమె ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచుకోవాలనే అనుకున్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం నల్లజాతి తల్లుల్ని ఏదో వంక పెట్టి వెనక్కి పంపేవాళ్ళు. పత్తి ఏరడానికి మనుషులు కావాలి మరి. 1960లలో పౌరహక్కుల పోరాటాల వల్ల, కోర్టు తీర్పుల వల్ల ఆ అడ్డంకులు తొలగి, వాళ్ళకూ సాయం అందసాగింది. జనం మాట తిరగబడింది కూడా ఆ రోజుల్లోనే. పత్రికల్లో పేదవాళ్ళంటే ఎక్కువగా నల్లవాళ్ళ ఫోటోలే వేయడం మొదలుపెట్టారు. 1976 ఎన్నికల ప్రచారంలో రీగన్, షికాగోలో దొంగ పేర్లతో సాయం కాజేసిన ఒక స్త్రీ కథ ఊరూరా చెప్పాడు. ఆమె మోసం చేసిన మాట నిజమే. కానీ ఆ ఒక్కదాని పాపం లక్షల మంది తల్లులకు చుట్టుకుంది. 1996లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టంతో కేంద్రం ఇచ్చే నగదు సాయానికి జీవితం మొత్తంలో ఐదేళ్ళే గడువన్నారు. కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళలో చాలామందిని కూడా ఐదేళ్ళపాటు ఇలాంటి సాయాలకు దూరం పెట్టింది ఆ చట్టమే. ఇది మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి.

తర్వాత వాడికి ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాను. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం పెట్టింది. మా నాన్న తాపీ పనికి వెళ్ళేవాడు. వానాకాలం పని దొరక్కపోయినా మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ బియ్యం వల్లే. అమ్మ సంచి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రేషన్ షాపుకు పొద్దున్నే వెళ్ళేది. ఇంటికొచ్చాక చేటలో పోసి మట్టిబెడ్డలు ఏరేవాళ్ళం. నేను ఇంత చదువు చదివి ఇక్కడిదాకా వచ్చింది ఆ అన్నం తినే.

వాడు కాసేపు ఆలోచించి, "అక్కడ క్యూలో మీ వెనకాలవాళ్ళు ఏమైనా అనేవాళ్ళా?" అని అడిగాడు.

"ఏమీ అనేవాళ్ళు కాదురా. వాళ్ళ చేతుల్లోనూ అదే కార్డు."