గుండె చీల్చి చూశారా?

గుంటూరు కాలే మస్తాన్ దర్గాకి గంధం తీసుకెళ్లేవాళ్లని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో "ముష్రిక్" (అల్లాహ్‌కి సాటి కల్పించేవాడు) అనేస్తున్నారు. అంత తేలికా భాయ్?

ఫిఖ్‌లో, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో, ముందు పనిని, మనిషిని విడదీస్తారు. పని కుఫ్ర్ (విశ్వాస తిరస్కారం) అని తేలినంత మాత్రాన చేసినవాడు కాఫిర్ (అవిశ్వాసి) అయిపోడు. తెలిసే చేశాడా, బలవంతం ఉందా, ఆయత్‌ని (ఖురాన్ వాక్యాన్ని) వేరేగా అర్థం చేసుకున్నాడా, నోరు జారిందా, ఇవన్నీ విచారించాలి. విచారించాల్సింది ఖాజీ, అంటే న్యాయాధికారి. నమాజ్‌లో పక్క సఫ్‌లో (వరుసలో) నిలబడ్డవాడు కాదు. యుద్ధంలో కలిమా (ఇస్లాం విశ్వాస ప్రకటన) చదివినవాణ్ణి ప్రాణభయంతో చదివాడనుకుని చంపేసిన తన సహచరుడు ఉసామాని ప్రవక్త (స) నిలదీశారు: వాడి గుండె చీల్చి చూశావా?

రాజ్యమే ఈ పనికి దిగితే? పాకిస్తాన్‌లో అహ్మదీయ వ్యతిరేక అల్లర్లపై విచారణ జరిపిన జస్టిస్ మునీర్ 1954 నివేదిక చూడండి. ముస్లిం అంటే ఎవరని అడిగితే ఏ ఇద్దరు ఉలమా (మతపండితులు) చెప్పిందీ కలవలేదు. మన రాజ్యాంగం 25వ అధికరణం ఆ లెక్క మనిషి అంతరాత్మకే వదిలేసింది, మంచి పని చేసింది.

సెక్యులర్ దేశాన్ని నాది అంటే ఈమాన్ (విశ్వాసం) పోతుందనేవాళ్లకి ఇంకోటి. ఈ రోజుల్లో ఖౌమ్ (జాతి) ఏర్పడేది దేశాన్ని బట్టేనని 1938లో దేవ్‌బంద్ మదర్సా పెద్ద హుసేన్ అహ్మద్ మదనీ అంటే, కవి ఇక్బాల్ పద్యంతో విరుచుకుపడ్డారు. మదనీ వివరణ చూశాక, ఆయన్ని తప్పుపట్టే హక్కు ఇక తనకు లేదని ఇక్బాలే పత్రికాముఖంగా ప్రకటించారు.