పైలట్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఏమవుతుంది: నా అనుభవం

ముందే చెప్పేస్తాను, నా లైసెన్స్ పోలేదు. ఆ ఒక్క ముక్క కోసమే పైలట్లు చివరిదాకా చదువుతారని నాకు తెలుసు. కాకపోతే అయిదు నెలలు నేల మీదే ఉన్నాను, విశాఖలో, గోపాలపట్నంలోని మా ఇంట్లో, రోజూ సాయంత్రం మా కంపెనీ విమానం దిగే చప్పుడు వింటూ.

నాన్న పోయినప్పుడు నేను గాల్లో ఉన్నాను. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, బీపీ తప్ప ఇంకేమీ లేదు, పొద్దున్నే పాల ప్యాకెట్లు తెస్తూ గేటు దగ్గరే కూలిపోయారట. నేను దిగి, ఇంజన్లు ఆపి, చెక్‌లిస్ట్ అంతా ముగించి ఫోన్‌కి ఫ్లైట్ మోడ్ తీస్తే 17 మిస్డ్ కాల్స్. కర్మకాండలయ్యాక మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాను. పనిలో పడితే అదే సర్దుకుంటుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను.

సర్దుకోలేదు. ఫ్లైట్ మోడ్ తీయాలంటే వేలు కదిలేది కాదు. నూట ఎనభై మందిని క్షేమంగా దించినవాడికి ఫోన్ మీద చిన్న బొమ్మ నొక్కడానికి చెమటలు పట్టేవి, చెప్తే ఎవరైనా నవ్వుతారు. తర్వాత తర్వాత ఆ భయం ఇంకాస్త ముందుకు జరిగింది, విమానం కిందికి దిగడం మొదలుపెట్టగానే మనసు ఫోన్ మీదికి పోయేది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా పంకా చూస్తూ పడుకోవడమే.

ఏప్రిల్‌లో ఒకరోజు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఆరు వేల అడుగులకి దిగమంటే నేను ఐదు వేలని రీడ్‌బ్యాక్ ఇచ్చాను. ఆయన వెంటనే సరిచేశాడు, ఈలోపే పక్క సీట్లో కెప్టెన్ చెయ్యి అడ్డం పెట్టారు. విన్నది తిరిగి అప్పజెప్పే పద్ధతి ఉన్నదే ఇందుకు కాబట్టి ఏమీ కాలేదు. హోటల్‌కి వెళ్ళే వ్యాన్‌లో కెప్టెన్ కిటికీ వైపే చూస్తూ, "సరిగ్గా పడుకుని ఎన్ని రోజులైంది?" అన్నారు. మూడు నెలలన్నాను. "రేపు అన్‌ఫిట్ అని చెప్పు, నేనున్నాను" అన్నారు.

డ్యూటీకి ముందు మాకు మేమే ఆరు ప్రశ్నలు వేసుకోవాలని ట్రైనింగ్‌లో నేర్పిస్తారు: ఒంట్లో బాగుందా, మందులేమైనా వాడుతున్నావా, ఒత్తిడి ఉందా, మద్యం తాగావా, అలసట ఉందా, మనసు ఎలా ఉంది. మద్యానికైతే ఊదే మిషన్ ఉంది. అలాంటి మిషన్ మనసుకి లేదు, మేం ఏం చెప్తే అదే.

ఆ రాత్రి జర్మనీ ఎయిర్‌లైన్ జర్మన్‌వింగ్స్ ప్రమాదం మీద ఫ్రెంచ్ దర్యాప్తు సంస్థ రిపోర్ట్ తెరిచాను. 2015 మార్చి 24న ఆల్ప్స్ పర్వతాల్లో కో-పైలట్ కావాలని కూల్చేసిన విమానం, 150 మంది పోయారు. అతని జబ్బు వేరు, నాది వేరు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఇంకొకరికి హాని తలపెట్టేవాళ్ళు అరుదు, ఆ భేదం తెలియకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అయినా ఒక చోట ఆగిపోయాను. ట్రైనింగ్ కోసం అతను చేసిన అప్పు దాదాపు 41 వేల యూరోలట. డాక్టర్లు సెలవు రాసిచ్చినా కంపెనీకి చెప్పలేదు. నా ట్రైనింగ్ లోన్ కూడా ఇంకా సగం కూడా తీరలేదు. దాచుకోవడానికి అతనికున్న కారణాల్లో ఒకటి నాకూ ఉందని అప్పుడు అర్థమైంది.

ఆ ప్రమాదం తర్వాతే యూరప్‌లో ఎయిర్‌లైన్ పైలట్లకి, ఉద్యోగం మొదలుపెట్టే ముందు మానసిక పరీక్ష, తోటి పైలట్ల సాయం అందించే పీర్ సపోర్ట్ తప్పనిసరి చేశారు, 2021 ఫిబ్రవరి నుంచి అమలు. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కూడా 2023లో పీర్ సపోర్ట్ గురించి సర్క్యులర్ ఇచ్చింది. ఆ పీర్ సపోర్ట్‌కి నేను ఫోన్ చేస్తే మాట్లాడింది డాక్టర్ కాదు, నాలాంటి పైలటే. ఓదార్పు మాటలేం చెప్పలేదు. "సిక్ లీవ్ పెట్టు, ముందు సైకియాట్రిస్ట్‌ని చూడు, ప్రతి కాగితానికి రెండు జిరాక్స్‌లు తీసి పెట్టుకో" అన్నాడు. మూడోది అన్నిటికంటే పనికొచ్చింది.

ఇంట్లో అమ్మ చుట్టాలందరికీ నాకు సైనస్ అని చెప్పింది. ఆవిడ తప్పు కాదు. మా చిన్నప్పుడు ఎవడైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి చినవాల్తేరులో చేర్పించాలిరా" అనేవాళ్ళం, ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడుంది కాబట్టి. ఆ వెక్కిరింత అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

సైకియాట్రిస్ట్ చూసి అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే పెద్ద దెబ్బ తగిలాక మనసు కుదురుకోలేకపోవడం, అన్నారు, ఇప్పుడే మందులు అక్కర్లేదన్నారు, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపించారు. ఇద్దరూ ఒకటే అనుకునేవాణ్ణి. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి ఆ పైన మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు పెడతారు, మాటలతో చికిత్స చేస్తారు. వెళ్ళే ముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి, బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్ళకీ ఉండదు.

సైకాలజిస్ట్ మేడమ్ క్లినిక్ ఎంవీపీ కాలనీలో, మేడ మీద, కింద టిఫిన్ సెంటర్. అంకెలు చెప్పి వెనక నుంచి అప్పజెప్పమంటారు, కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెల్నీ అక్షరాల్నీ మార్చి మార్చి, 1 నుంచి Aకి, A నుంచి 2కి, గీత కలుపుకుంటూ పొమ్మంటారు, పక్కన స్టాప్‌వాచ్. కింద నుంచి ఉల్లిపాయ దోసె వాసన. ఇవి బాగానే చేశాను. దెబ్బ తిన్నది 567 ప్రశ్నల దగ్గర. అవును, కాదు అని పెట్టుకుంటూ పోవడమే, నేను ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినట్టు పెట్టాను. మేడమ్ లెక్క వేసుకుని కళ్ళజోడు తీసి, "మీకు పుట్టి బుద్ధెరిగాక కోపం రాలేదు, ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. దేవుడి గదిలో మీ ఫోటో పెట్టుకోమంటారా?" అన్నారు. మంచివాడిలా కనపడాలని రాసేవాళ్ళని పట్టుకునే లెక్క ఆ పరీక్షలోనే ఉంటుందట, పైలట్లు చాలామంది అక్కడే దొరుకుతారట. వారం తర్వాత మళ్ళీ రాయించారు. ఈసారి కోపం వస్తుందనే రాశాను.

మొదటి రోజే ఆవిడ రెండు మాటలు తేల్చేశారు. ఒకటి, "ఫిట్ అని ముద్ర వేసేది నేను కాదు, నేను చికిత్స చేస్తాను, తేల్చేవాళ్ళు వేరే." రెండు, "ప్రయాణికులకి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం రహస్యంగా ఉంచను." ఆ రెండో మాటకి భయపడాలి కదా, నాకెందుకో ధైర్యం వచ్చింది.

నిద్రకి ఆవిడ పెట్టిన పద్ధతి విని అమ్మ తిట్టింది. రాత్రి పన్నెండున్నర నుంచి ఆరు దాకా మాత్రమే మంచం మీద ఉండాలి, మధ్యలో మెలకువ వస్తే లేచి హాల్లో కూర్చోవాలి, పగలు కునుకు తీయకూడదు, అన్నీ డైరీలో రాయాలి. రెండో వారం నరకం. నాలుగో వారానికి పడుకోగానే నిద్ర పట్టేది, అప్పుడు కొంచెం కొంచెంగా టైమ్ పెంచారు.

ఇక ఫోన్. ఆవిడ ముందే ఫ్లైట్ మోడ్ పెట్టించి, పది నిమిషాలాగి తీయించేవారు. భయం వందకి ఎంత అని అడిగితే మొదటిసారి 85 అన్నాను. తర్వాత అరగంట, ఒక పూట, ఒక రాత్రంతా. ఒకరోజు తీయగానే నిజంగానే అక్క మిస్డ్ కాల్ ఉంది, గుండె జారిపోయింది, చేస్తే గ్యాస్ బుకింగ్ నంబర్ కోసమట. ఆరో వారానికి 20కి దిగింది. మధ్యలో ఒక గంటంతా నాన్న గురించే మాట్లాడాను, దాని గురించి ఇంతకంటే రాయను.

తర్వాతంతా కాగితాల పని. మేడమ్ రిపోర్ట్ రెండు పేజీలు: నిద్ర ఎలా ఉంది, ఏకాగ్రత ఎలా ఉంది, మళ్ళీ మొదలైతే మొదట కనపడే గుర్తులేంటి, అప్పుడు ఏం చేస్తాడు. దాంతో బెంగళూరులో వైమానిక దళం వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్ళాను. అక్కడ మళ్ళీ పరీక్షలు, మళ్ళీ ఇంటర్వ్యూ, ఆఖరి మాట డీజీసీఏది. డీజీసీఏ వాళ్ళ ఈజీసీఏ సైట్లో స్టేటస్ రిఫ్రెష్ చేస్తూ గడిపిన వారాలు థెరపీ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. ఎగిరిన గంటలకిచ్చే అలవెన్స్ ఆగిపోయింది, ఈఎంఐ కోసం అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టాం. "ఫ్యామిలీ ప్రాబ్లమ్ అని లీవ్ పెట్టుంటే పోయేదిగా" అన్న ఆఫీసు పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఆయనకి సమాధానం చెప్పలేదు. సెప్టెంబర్‌లో ఫిట్ వచ్చింది, సిమ్యులేటర్ చెక్ అయ్యాక మళ్ళీ ఎక్కాను.

నాన్న సంవత్సరీకానికి అందరూ వచ్చారు. భోజనాల దగ్గర పెదనాన్న అడిగారు, "ఏరా, సైనస్ తగ్గిందా?" నేను నోరు తెరిచేలోపే అమ్మ నెయ్యి వడ్డిస్తూ, "సైనస్ కాదు బావగారూ, మనసు బాగోలేదు, నిద్ర పట్టేది కాదు. ఎంవీపీలో ఒకావిడ దగ్గరికి వెళ్ళాడు" అంది. పంక్తి అంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. చేతులు కడుక్కునే చోట పెదనాన్న నా పక్కకి వచ్చి, కుళాయి తిప్పి, గొంతు తగ్గించి, "ఆవిడ ఫీజెంతరా?" అన్నారు.