బోరు నీళ్లు తాగిన రేడియేటర్

మా వ్యానుకు ఇరవై రెండేళ్లు. వెనక సీట్లు తీసేసి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చుకున్నాం. మే నెలలో నేనూ మా ఆవిడా నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా చిట్వేలికి బయలుదేరాం. రాపూరు దాటి వెలికొండల ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది. ఈ బండిలో ఇంజను రెండు సీట్ల మధ్య మూత కింద ఉంటుంది. అందుకే ముల్లు కదలకముందే మా ఆవిడ "కాలికి సెగ కొడుతోంది" అంది. ఆ మాట నేను పట్టించుకోవలసింది.

నీడ దొరికేదాకా హీటర్ పూర్తిగా తిప్పాను. మే ఎండలో అది నరకమే, కానీ ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. పైగా గాలి వేడిగా వచ్చిందంటే నీళ్లు తిరుగుతున్నట్టే, అంటే పంపు పనిచేస్తున్నట్టే. ఇంజను నీళ్లను చల్లబరిచే రేడియేటర్ మూత మాత్రం గంటసేపు ముట్టుకోలేదు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మెల్లగా వెనక్కి దిగి ఒక మెకానిక్‌కు చూపించాం. ఇంజను మీది మూత కూడా ఎత్తకుండానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజను విప్పాలి" అన్నాడు. అది ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలచని రేకు. పోయి ఉండవచ్చు, కానీ చూడకుండా ఎలా చెప్తారు? నాకు చాలా కోపం వచ్చింది. బండి ఇంటికి తెచ్చుకొని నేనే మొదలుపెట్టాను.

మొదట అడగవలసింది ఎప్పుడు వేడెక్కుతోందని. నిలబడి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో వేడెక్కితే ఫ్యాను మీద అనుమానం. మాది అరగంట ఆన్‌లో నిలబెట్టినా ముల్లు సగం దాటలేదు. హైవేలో డెబ్బై దాటినా, ఎత్తు ఎక్కినా మాత్రం పైకి పోతోంది. అంటే ఫ్యాను మంచిదే, వేడి ఎక్కువైనప్పుడు రేడియేటర్ దాన్ని వదిలించలేకపోతోంది.

మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశాను. ఆగకుండా బుడగలు వస్తే గ్యాస్కెట్ అనుమానించాలి. ఒక్క బుడగా రాలేదు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు కలిసినట్టు లేదు, అంటే అందులో నీళ్లు కలవలేదు. నీళ్లు వేడెక్కాక తెరుచుకొని వాటిని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్‌ను విప్పి వంటింట్లో గిన్నెడు నీళ్లలో వేసి కాచాను. దాని మీద 82 డిగ్రీలు అని ఉంది, సరిగ్గా ఆ దగ్గరే నోరు తెరిచింది. దాన్ని తిరిగి బిగించి, బాగా వేడెక్కాక ఇంజను ఆపి గొట్టాలు తాకి చూశాను. పై గొట్టం చేయి పెట్టనివ్వడం లేదు, కింది గొట్టం దాదాపు చల్లగా ఉంది. రేడియేటర్ ముఖం మీద అరచేయి ఆనిస్తే అంచులు కాలుతున్నాయి, నడిమధ్య జానెడు మేర చల్లగా ఉంది. ఆ చోట నీళ్లు పారడం లేదు.

నెల్లూరు ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఇత్తడి ట్యాంకు టంకం కరిగించి పైకెత్తి, నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. సన్నని గొట్టాల నోళ్లు గవ్వ రంగు పెచ్చుతో మూసుకుపోయి ఉన్నాయి. గోటితో గీకాను, రాలలేదు.

"బాబూ, ఎన్నేళ్లుగా బోరు నీళ్లు పోస్తున్నారు?" అన్నాడు.

నా ముందు యజమానులు పోశారు, నేనూ పోశాను. ఎక్కడ ఆగితే అక్కడి మోటారు దగ్గర సీసా నింపుకోవడం మాకు అలవాటు. బోరు నీళ్లంటే, అందులోనూ కనిగిరి వైపు నీళ్లంటే, అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కానీ రేడియేటర్‌ను పూడ్చేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగునా అదే తెల్లని పెచ్చు. రోజూ చూస్తూనే ఉన్నాను, రెంటినీ కలిపి ఆలోచించలేదు.

పెద్దాయన ఒక్కొక్క గొట్టంలోకి సన్నని రేకు దూర్చి ఓపికగా శుభ్రం చేశాడు. రేడియేటర్‌లో పోసే కూలెంట్ ద్రవం, లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్ చెరి సగం కలిపి పోశాం.

జూన్ మొదటి వారంలో మళ్లీ అదే ఘాట్ ఎక్కాం. చివరి మలుపు దాకా ముల్లు సగం దగ్గరే ఉంది. ఇప్పుడు వ్యానులో బియ్యం డబ్బా పక్కన అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాను ఉంటుంది. మా ఆవిడ దాని మీద "తాగడానికి కాదు" అని పెద్ద అక్షరాలతో రాసింది.