కారు వెనక టో బార్, దాని మీద రెండు సైకిళ్లు: బిగింపులో తేలిన సంగతులు

కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. గేర్ల మౌంటెన్ సైకిలు కొన్నాక దాన్ని ఎప్పుడో ఒకప్పుడు గోదావరి దాటించి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాకా మోసుకెళ్లక తప్పదు. కారు టాపు మీద కట్టేయొచ్చు కదా అంటారు. పదిహేను కిలోల సైకిల్ని తలకంటే ఎత్తుకి లేపడం ఒకెత్తు, మా వీధుల్లో వంగిన కొబ్బరి మట్టలూ వేలాడే కేబుల్ వైర్లూ ఒకెత్తు. డిక్కీకి పట్టీలతో తగిలించే ర్యాకు చవకే గానీ, దాని కొక్కేలు డిక్కీ రేకు అంచు పట్టుకుని లాగుతాయి. నాలుగు గతుకులు పడేసరికి పెయింటు గీరుకుపోతుంది. అందుకని మా ఏడు సీట్ల కారుకి టో బార్ (ట్రైలరు లాగడానికి కారు వెనక అడుగున బిగించే ఇనప కమ్మీ) వేయించి, దాని బాల్ (చివరనుండే గుండు) మీద కూర్చునే ర్యాకు పెట్టాం.

టో బార్ అనగానే ఎంత బరువు లాగుతుందని అడుగుతారు. సైకిళ్లకి ఆ లెక్క పనికిరాదు. ట్రైలరు బరువులో ఎక్కువ భాగం దాని సొంత చక్రాలే మోస్తాయి. సైకిళ్ల బరువు మొత్తం బాల్ మీదే వేలాడుతుంది. చూడాల్సింది టో బార్ మీది రేకు ముక్కలో ‘ఎస్’ అక్షరం పక్కనుండే అంకె. అది 50 కిలోలో, 75 కిలోలో ఉంటుంది. కిలోన్యూటన్లలో ఉండే ‘డి’ అంకె లాగుడుది. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషను మీద సైకిలు ఎత్తుకుని ఒకసారి, ఖాళీ చేతులతో ఒకసారి నిలబడితే తేడా సైకిలు బరువు. మా లెక్క: ర్యాకు 19, సైకిళ్లు 15, 13, మొత్తం 47 కిలోలు. యాభైలోపే కదా అనిపిస్తుంది. తాళం, లైటు బోర్డు, మరిచిపోయిన నీళ్ల సీసా కలిస్తే దాటిపోతుంది. అందుకే 75 కిలోలదే తీసుకున్నాం.

బరువు కంటే అసలు సంగతి, అది ఎంత దూరాన వేలాడుతుందన్నది. ఆ 47 కిలోలు బాల్‌కి సుమారు 35 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే బాల్ మెడ మీద 160 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. కారు చక్రం నట్టు బిగించేది వంద దగ్గర. గుంటలో పడ్డప్పుడు ఆ మెలి క్షణంపాటు రెండింతలు, మూడింతలు అవుతుంది. ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆ బరువు వెనక చక్రాలకి 1.35 మీటర్లు వెనక ఉంది, రెండు ఇరుసుల మధ్య దూరం 2.74 మీటర్లు. అంటే ముందు చక్రాల మీద 23 కిలోలు తగ్గి, వెనక చక్రాల మీద 70 కిలోలు పెరుగుతుంది. మూడో వరసలో ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే వెనక స్ప్రింగులు కుంగుతాయి, హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. కాలవ గట్టు రోడ్డు మీద ఎదురొచ్చే వాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. డాష్‌బోర్డు దగ్గరున్న లైటు ఎత్తు చక్రాన్ని సున్నా నుంచి ఒకటికో రెండుకో తిప్పాలి. వెనక టైర్లలో గాలి డోరు అంచున రాసి ఉన్న ఫుల్ లోడు అంకెకి పెట్టాలి.

బాల్ విషయానికొస్తే, పిడికిలిలా పట్టుకునే ర్యాకులు 50 మిల్లీమీటర్ల బాల్‌కి చేసినవి. అమెరికా సైజు బాల్ రెండంగుళాలు, అంటే 50.8. తేడా మిల్లీమీటరు కూడా లేదని బలవంతంగా ఎక్కించొద్దు, ర్యాకు బిగింపు మీట సరిగ్గా పడదు. బాల్ ఉక్కుది కావాలి, అల్యూమినియం పనికిరాదు. ట్రైలరుకైతే బాల్‌కి గ్రీజు రాస్తారు, సైకిల్ ర్యాకుకి చుక్క గ్రీజు కూడా ఉండకూడదు. ర్యాకు ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపేది ఆ పట్టు రాపిడే. పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరాక ఎక్కించాలి.

మొదట చూసిన షెడ్డులో చానల్ ముక్క చూపించి, “ఛాసిస్‌కి రెండు పక్కలా వెల్డింగు కొట్టేస్తే సరిపోద్దండి, ఏనుగుని కట్టినా కదలదు” అన్నారు. కదలదు, నిజమే. కాకపోతే ఈ కార్లకి లారీలాగా విడి ఛాసిస్ ఉండదు. అడుగున పెట్టెలా మడిచిన పల్చటి రేకు పట్టీలే ఉంటాయి. వెల్డింగు వేడికి లోపలి పూత మాడిపోతుంది, అక్కడ బ్రష్షు దూరదు. మన గాలికి ఆ చోటు నుంచే తుప్పు మొదలై, పైకి కనపడేసరికి రేకు అప్పడం అయిపోతుంది. అందుకే బోల్టులతో బిగించే కిట్టే తెప్పించాం. కొన్ని కిట్లలో కారు అసలు క్రాష్ బీమ్ (బంపర్ వెనక గుద్దుడు తట్టుకునే కమ్మీ) తీసేసి దాని చోట టో బార్ అడ్డకమ్మీ పెట్టమని ఉంటుంది. ఆ మోడలుకే చేసి, పుస్తకంలో అలా రాసి ఉంటే సరే. లేకపోతే బీమ్ తీయనివ్వొద్దు.

పనికి ముందురోజు రాత్రే చక్రాల గూళ్లలోని స్క్రూల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయాలి. వాటికి నాలుగేళ్ల బురద పట్టి ఉంటుంది. వెనక లైట్లు ఊడదీసి, గూళ్ల స్క్రూలూ బంపర్ కింది ప్లాస్టిక్ ప్లగ్గులూ తీసి, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని బంపర్‌ని వెనక్కి లాగాలి. సెన్సార్ల వైరు సాకెట్టు లోపలే ఉంటుంది, ఒక్కసారిగా గుంజితే తెగుతుంది. ప్లగ్గులు నాలుగైదు విరగడం ఖాయం, పది కొని దగ్గర పెట్టుకోండి.

ఇక బోల్టులు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

రేకు పట్టీలో కంపెనీ వాళ్లు ముందే అతికించిన నట్లు ఉంటాయి. జపాన్ పద్ధతి కార్లలో పది మిల్లీమీటర్ల నట్టు మర పిచ్ (ఒక మర గాడి నుంచి పక్క గాడికి దూరం) 1.25 మిల్లీమీటర్లు ఉండటం మామూలు. ఇనప సామాన్ల కొట్లో “పది బోల్టు” అంటే ఇచ్చేది 1.5 పిచ్. రెండు చుట్లు చేత్తో హాయిగా ఎక్కుతుంది, మూడో చుట్టుకి బిగుస్తుంది. తుప్పేమోలే అని పానా వేస్తే లోపలి మర చెరిగిపోతుంది. ఆ నట్టు పెట్టె లోపల ఉంది, చెయ్యి దూరదు. కాబట్టి ప్రతి బోల్టూ ఐదారు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే వైరు బ్రష్షుతో మట్టి దులిపి, నూనె చుక్క వేసి, మళ్లీ వేళ్లతోనే.

బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలి. మొదటి అంకె తెగే బలం, 800 మెగాపాస్కల్స్. రెండోది అందులో పదింట ఎన్ని వంతుల దగ్గర సాగడం మొదలవుతుందో చెబుతుంది, ఇక్కడ 640. తల నున్నగా, ఏ అచ్చూ లేకుండా ఉన్న బోల్టు 4.6 రకమే అనుకోవాలి, అది 240 దగ్గరే సాగుతుంది. మాకిచ్చిన ఎనిమిదింటిలో రెండు నున్న తలలవి కలిసొచ్చాయి. లెక్కపెట్టి చూసుకోకపోతే అవే పడేవి. సముద్రగాలి కదా అని కొందరు స్టెయిన్‌లెస్ వేయమంటారు. మామూలు ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ 450 దగ్గర సాగుతుంది, బిగించేటప్పుడు మర పట్టేసుకుంటుంది కూడా. జింకు పూసిన 8.8 వేసి పైన రంగు కొట్టుకోవడమే మేలు.

మా కిట్టులో రెండు చోట్ల పెట్టె పట్టీకి అడ్డంగా 13 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయాల్సి వచ్చింది. ఖాళీ పెట్టెకి బోల్టు దూర్చి బిగిస్తే అగ్గిపెట్టె నొక్కినట్టు రేకు లోపలికి పోతుంది. వాహనం నాలుగు రోజులు ఊగేసరికి బోల్టు వదులు. అందుకే లోపల బోల్టు చుట్టూ ఉక్కు స్పేసరు గొట్టం, బయట రెండు పక్కలా 6 మిల్లీమీటర్ల పలకలు. డ్రిల్లు పొట్టు పెట్టెలో మిగిలితే అదే తుప్పుకి విత్తనం, అయస్కాంతంతో పూర్తిగా లాగేయాలి. బెజ్జం అంచులకి ఎపాక్సీ జింకు ప్రైమరు, ఆరాక నల్ల రంగు, బిగించాక పెట్టె లోపలికి మైనం స్ప్రే. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే లాభం లేదు, పైపూత లేని ప్రైమరు చెమ్మని పీల్చుకుంటుంది.

అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించాక, ఒక్కటీ బిగించకముందు, స్టెప్నీ దించి చూడండి. ఈ రకం కార్లలో స్టెప్నీ అడుగున గొలుసుకి వేలాడుతుంది. మా అడ్డకమ్మీ మొదటిసారి రెండు సెంటీమీటర్లు ముందుకి పడింది, టైరు అంచు దానికి తగిలి కిందికి రాలేదు. ఘాట్ రోడ్డులో పంక్చరైన రాత్రి తెలియాల్సిన సంగతి కాదు కదా అది. పలకల బెజ్జాలు పొడవుగా ఉంటాయి కాబట్టి వెనక్కి జరిపి సరిచేశాం. సైలెన్సరుకీ కమ్మీకీ మధ్య మూడు వేళ్ల ఖాళీ కూడా అప్పుడే చూసుకోవాలి. ఆ తర్వాతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా). 8.8 రకానికి పది మిల్లీమీటర్ల బోల్టుకి 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, పన్నెండుకి 80 దగ్గర. కిట్టు పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. లోడుతో ఉన్నప్పుడు బాల్ మధ్య భాగం నేల నుంచి 350, 420 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని యూరప్ కొలత. అంతకన్నా కిందికి దిగితే మన ఊరి స్పీడు బ్రేకర్లే చెబుతాయి.

ఇక ర్యాకు లైటు బోర్డుకి వైరింగు, ఏడు పిన్నుల సాకెట్టు. రంగులు ఇవి: పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, ఎరుపు బ్రేకు, నలుపు ఎడమ టెయిల్ లైటు, బ్రౌను కుడి టెయిల్ లైటు, నీలం వెనక ఫాగ్ లైటు, తెలుపు ఎర్త్. మన ఎలక్ట్రీషియన్లకి నలుపంటే ఎర్తే. చూడకుండానే నల్ల వైరు బాడీకి బిగించేస్తారు. పగలంతా ఏమీ తెలియదు. సాయంత్రం లైట్లు వేయగానే ఎడమ టెయిల్ లైటు కరెంటు తిన్నగా బాడీకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. మాకు రెండు ఫ్యూజులు పోయాక గానీ తెల్ల వైరు వైపు చూపు పోలేదు. ఆన్‌లైన్‌లో దొరికే నాలుగు వైర్ల అమెరికా లైటు బోర్డు కొనొద్దు. దాంట్లో బ్రేకూ ఇండికేటరూ ఒకే బల్బు, మన కార్లకి విడివిడి.

కొత్త కార్లలో బల్బు మాడిందా అని కంప్యూటరే కనిపెడుతుంటుంది. ఆ బల్బు వైరుకే నేరుగా ఇంకో దీపం తగిలిస్తే ఇండికేటరు దడదడ కొట్టుకోవడమో, డాష్‌బోర్డు మీద హెచ్చరిక రావడమో జరుగుతుంది. మధ్యలో బైపాస్ రిలే (కారు వైరు నుంచి సంకేతం మాత్రమే తీసుకుని, దీపాలకి కరెంటు విడిగా ఇచ్చే స్విచ్చు పెట్టె) పెట్టి, దానికి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో విడి వైరు లాగాలి. వైర్లని కొరికి పట్టుకునే నీలం క్లిప్పులు మాత్రం వద్దు. రెండు వానాకాలాల్లో లోపల రాగి పచ్చబడుతుంది. సాల్డరు చేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. వైరు బాడీలోంచి బయటికొచ్చే చోట రబ్బరు గ్రొమెట్ (బెజ్జం అంచుకి తొడిగే వలయం) పెట్టి, బయట ఒక వంపు కిందికి వేలాడనివ్వాలి, నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి.

ఎక్కించేటప్పుడు బరువైన సైకిలు కారు వైపు. మా పెద్ద సైకిలు పొడవు 1,850 మిల్లీమీటర్లు, కారు వెడల్పు 1,735. చెరో పక్కా దాదాపు ఆరు సెంటీమీటర్లు బయటికి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194(1ఎ) సెక్షన్ ప్రకారం లోడు బాడీ పక్కకి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా. అందుకే ముందు చక్రం ఊడదీసి కారులో పడేసి, ఫోర్కుని ట్రేకి బిగించిన 15×110 మిల్లీమీటర్ల ఇరుసు దిమ్మకి పట్టిస్తున్నాం. పొడవు జానెడు పైనే తగ్గుతుంది. కింది టైరు సైలెన్సరు గొట్టం నోటికి ఎదురుగా లేకుండా చూడాలి, ఆ వేడిగాలికి టైరు పక్కలు గట్టిపడి పగుళ్లిస్తాయి. దుమ్ము పడుతుందని సైకిళ్లకి గుడ్డ కవరు కట్టొద్దు. అది తెరచాపలా గాలి పట్టి ర్యాకునే లాగుతుంది.

నంబరు ప్లేటు అన్నిటికంటే చికాకు. హై సెక్యూరిటీ ప్లేటు స్నాప్ లాక్ ఒకసారి తీస్తే విరిగిపోతుంది, దాన్ని తీసి ర్యాకుకి పెట్టడానికి లేదు. కాబట్టి ర్యాకు కొనేముందే సైకిళ్లతో సహా ఎక్కించి చూసి, వెనక పది అడుగుల దూరం నుంచి అన్ని అంకెలూ చదవగలిగే మోడలే ఎంచుకోవాలి. మేం చిన్న సైకిలు హ్యాండిల్ తిప్పి, పెద్దదాన్ని ఒక బెత్తెడు కుడికి జరిపితే గానీ కుదరలేదు.

మొదటి ప్రయాణం తర్వాత ఒకసారి, వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి బోల్టులన్నీ మళ్లీ రెంచితో చూడాలి. మాకు మొదటిసారి ఎడమ పక్క పన్నెండు బోల్టు పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. వానాకాలంలో బురద రోడ్ల మీద తిరిగొచ్చాక అడుగుభాగం కడగాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లు బోరు నీళ్లతో కడిగి, కడిగాంలే అనుకుంటారు. ఆ నీళ్లే ఉప్పన, ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. మంచినీళ్లు రెండు బకెట్లు చాలు. పని లేనప్పుడు బాల్ మెడ ఊడదీసి డిక్కీలో పెట్టుకుని, దాని బొర్రకి రబ్బరు మూత వేయండి. సాకెట్టు మూత కూడా అప్పుడే ఎత్తి చూడండి. లోపల చెమ్మ కనిపిస్తే, కిందికి వేలాడాల్సిన ఆ వైరు వంపుని ఎవరో చక్కగా పైకి కట్టేసి ఉంటారు.