41 ఫొటోలు తీశాను, ఒక్కటీ పడలేదు

నిన్న సాయంత్రమే ఫిల్ము కడిగే ల్యాబ్ నుంచి వచ్చాను. సిగ్గు పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. నాలుగు రోజులాగితే కథని నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పదేళ్లుగా డిజిటల్లో తీస్తున్నాను. ఒక పూట బయటికెళ్తే ఐదారొందలు. ఇంటికొచ్చి ఏరే ఓపిక లేక అన్నీ హార్డ్‌డిస్కులో కుక్కేయడం. ఈ జబ్బుకి మందని పాత ఫిల్ము కెమెరా, పెంటాక్స్ కె1000 కొన్నాను. 1976 నుంచి 1997 దాకా తయారైన కెమెరా. అంతా మెకానికలే, బ్యాటరీ ఒక్క వెలుగు కొలిచే మీటరు కోసమే. దానికి స్విచ్చంటూ లేదు, లెన్సుకి మూత పెడితేనే పడుకుంటుంది. మూత మరిచి ఒక బ్యాటరీ తగలేశాను. అది చిన్న సంగతి.

ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ము మీద ఎంత వెలుగు పడాలన్న లెక్క, రెండు రోజుల్లో పట్టుబడింది. 400 ఐఎస్‌ఓ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, మంచి ఎండ అయితే లెన్సు రంధ్రం ఎఫ్/16, షట్టరు సెకనులో 500వ వంతు. డిజిటల్లో ఆకాశం తెల్లగా తేలిపోతుందేమోనని వెలుగు కాస్త తగ్గించి తీసేవాణ్ణి. నెగెటివ్‌కి ఇది తిరగబడుతుంది. వెలుగు కొంచెం ఎక్కువైతే ఓర్చుకుంటుంది, నీడకి చాలకపోతే మాత్రం అక్కడ తర్వాత ఎంత గింజుకున్నా ఏమీ రాదు.

వదలనిది బొటనవేలి అలవాటు. నొక్కగానే వెనక స్క్రీను కోసం తడుముకుంటుంది. అక్కడున్నది ఉత్త నల్లటి తలుపు. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. నొక్కిన ప్రతిసారీ వెనక్కొచ్చి నిలబడి "ఏదీ, చూపించు నాన్నా" అనేది. లేదమ్మా, కడిగించాక చూద్దాం అంటే నన్ను జాలిగా చూసి వెళ్లిపోయేది.

తీసిన ప్రతిదీ నోటుపుస్తకంలో రాశాను. "17. గోడకి చేరేసిన నిచ్చెన. 5.6, 125. మబ్బు జరిగేదాకా పావుగంట." ఒక రీలుకి తొమ్మిది వారాలు. నెమ్మదిగా తీయడం ఎలాగో స్నేహితులకి ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. ఒక్క నెగెటివ్ కూడా చూడకుండానే!

36 అయిపోయాయి. ఫిల్ముని ముందుకి జరిపే లీవరు బిగుసుకోవాలి కదా, బిగుసుకోలేదు. ఇంకోటి తీశాను. ఇంకోటి. కొసరు దొరికిందని సంబరపడి మొత్తం 41 దాకా లాగాను. ఒక్కో రీలులో ఒకటి రెండు ఎక్కువ రావడం మామూలే, ఐదు రావడమేమిటన్న అనుమానం రాలేదు. తర్వాత కింది బటన్ నొక్కి రీలు వెనక్కి చుట్టాను. బరువే లేకుండా గిరగిరా తిరిగింది. పాతకాలం పనితనం, వెన్నలా ఉందే అనుకున్నాను.

ల్యాబ్‌లో ఆయన కడిగిన ఫిల్ముని లైటు బల్ల మీద పరిచాడు. నల్లబడ్డ కొస తప్ప ఈ చివర నుంచి ఆ చివర దాకా గాజులా ఖాళీగా ఉంది. నాకు తిక్క రేగింది. కడిగే మందు పాడైపోయి ఉంటుంది, మీరే పాడుచేశారు, తొమ్మిది వారాల కష్టమండీ అని గొంతు పెంచాను. వెనక ఇద్దరు నిలబడి వింటున్నారు. ఆయన మారుమాటాడలేదు. అంచు మీద గోరు పెట్టి చూపించాడు. ఫిల్ము పేరు, 1, 1ఏ, 2, 2ఏ... అంకెలన్నీ నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

"మందు పనిచేయకపోతే ఇవి కూడా రావండీ. ఇవి ఫ్యాక్టరీలోనే వెలుగుతో వేసి పంపిస్తారు. మీ ఫిల్ము అసలు కదల్లేదు."

లీవరు లాగినప్పుడు ఫిల్ముని చుట్టుకునే కడ్డీ గాట్లోంచి ఫిల్ము కొస జారిపోయింది. కెమెరా పైనున్న అంకె లీవరు ఎన్నిసార్లు తిప్పానో లెక్కపెడుతుందే గానీ ఫిల్ము కదిలిందా లేదా దానికి పట్టదు. 41 ఫొటోలూ ఒకే ముక్క మీద పడ్డాయి. అదీ ఎక్కించేటప్పుడే వెలుగు తగిలి పాడైన కొస. వెనకున్నవాళ్లలో ఒకాయన "మొదటి రీలా?" అని అడిగాడు. అందులో ఎగతాళి ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ల్యాబ్ ఆయనకి క్షమాపణ చెప్పాను, కానీ డబ్బాలో చుట్టిచ్చిన ఆ ఖాళీ ఫిల్ము తీసుకోకుండా వచ్చేశాను. అది తప్పే.

కెమెరా అమ్మినాయన మీద మాత్రం కోపం తగ్గలేదు. "ఏముందండీ, పెట్టి మూసేయడమే" అన్నాడు. మూశాక ఎడమవైపు చుట్టే నాబ్‌ని మెల్లగా తిప్పి వదులు తీయాలి. ఆ తర్వాత లీవరు లాగిన ప్రతిసారీ అది దానంతటది తిరగాలి. తిరగలేదంటే ఫిల్ము కదలనట్టే. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. ఫిల్ముతో తీయడమంటే ధ్యానం, తపస్సు అని రాసేవాళ్లు కూడా ఈ నాబ్ గురించి ఒక ముక్క రాస్తే పుణ్యం ఉంటుంది.

రాత్రి నోటుపుస్తకం తీశాను. చిత్రమేమిటంటే 41 లైన్లలో ఏది చదివినా ఫొటో కళ్లముందు కనిపిస్తోంది. పోయిన నెల డిజిటల్లో తీసిన ఐదొందల్లో నాకు మూడు గుర్తున్నాయి.

ఇవాళ పొద్దున రెండో రీలు ఎక్కించాను. కొసని గాట్లో గట్టిగా దూర్చి, రెండు వరుసల చిల్లులూ పళ్లకి పట్టాయని చూసుకుని, వెనక తలుపు తెరిచి ఉండగానే ఒక చుట్టు తిప్పి, అప్పుడు మూశాను. మా అమ్మాయిని నాబ్ దగ్గర కాపలా పెట్టాను. లీవరు లాగాను.

"తిరిగింది నాన్నా" అంది. "ఏదీ, మళ్లీ లాగు."

నిచ్చెన ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది.